మీ గుండెలోనూ ఒక తార్నాక

తార్నాక అన్న పేరు ఎలా వచ్చిందో మీకు తెలుసా? తార్ అంటే తీగ. నాకా అంటే దారిలో మనిషిని ఆపి, చూసి, వదిలే చౌకీ. ఒకప్పుడు ఇక్కడ ఒక పెద్ద తోటకి తీగ కంచె, దాని దగ్గర ఒక నాకా ఉండేవనీ, ఆ రెండూ కలిసి తార్నాక అయిందనీ పాతకాపులు చెబుతారు. కంచె పోయింది, చౌకీ పోయింది, పేరు మిగిలింది. నేను ఈ పేటలోనే కాపురముంటూ పాతికేళ్ళ పైచిలుకు సర్కారు ఆస్పత్రుల్లో పనిచేస్తున్నాను. గుండెలోని కరెంటు సంగతి రోగికి చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఈ పేరే అక్కరకొస్తుంది. ఎందుకంటే మీ గుండెలోనూ తీగలున్నాయి. ఒక నాకా కూడా ఉంది.

“గుండెకి కరెంటేమిటండీ?” అంటారు చాలామంది. ఇల్లు కట్టించినవాళ్ళకి నీళ్ళ గొట్టాలు వేరు, కరెంటు తీగలు వేరు అని తెలుసు. గుండెలోనూ అంతే. రక్తనాళం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. అది గొట్టాల జబ్బు. నేనివాళ చెప్పబోయేవి తీగల జబ్బులు. యాంజియోగ్రాం బాగుందన్నారు కదా అని తీగలు కూడా బాగున్నట్టు లెక్క కాదు.

గుండెకి నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి కర్ణిక పైభాగాన సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంది. అది ఎవరూ చెప్పకుండానే నిమిషానికి 60 నుంచి 100 సార్లు కరెంటు పుట్టిస్తుంది. మెదడు దాని వేగాన్ని పెంచగలదు, తగ్గించగలదు, అంతే. పుట్టించడం మాత్రం దాని సొంత పని. ఆ కరెంటు కర్ణికల మీదుగా పాకగానే అవి ముడుచుకుంటాయి. పై గదులకీ కింది గదులకీ మధ్య కరెంటు పారని ఒక గోడ, ఆ గోడకి ఒకే ఒక గేటు. దాని పేరు ఎ.వి. నోడ్. మన నాకా అదే. ఇక్కడ కరెంటుని సెకనులో పదో వంతు సేపు నిలబెడతారు. ఎందుకంటారా? పైనున్న రక్తం కిందికి పూర్తిగా దిగాలి కదా! నాకా దాటాక ఇక రాజమార్గమే. హిస్ కట్ట, దాని కొమ్మలు, వాటి చివర పర్కింజీ తంతువులు. కనురెప్ప మూసి తెరిచేలోగా జఠరికలు రెండూ ఒక్కసారిగా పిండుకుంటాయి. అదే మీ మణికట్టు దగ్గర నాడిగా తగులుతుంది. ఇలా రోజుకి సుమారు లక్ష సార్లు.

ఇంత కరెంటుకి బిల్లు కట్టేదెవరు? ప్రతి కణంలోనూ సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే పంపు ఒకటుంది. అది నడిచేది ఎ.టి.పి. అనే పదార్థంతో. కండరాల్లో ఈ ఎ.టి.పి. ఉన్నదని 1929లో కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. విరేచనాలు పట్టుకుని పొటాషియం పడిపోయిన మనిషికి గుండె లయ ఎందుకు తప్పుతుందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

ఈ తీగలన్నీ మనిషి కంట పడి ఎంతో కాలం కాలేదు. నాకాని 1906లో తవారా అనే జపాను వైద్యుడు వర్ణించాడు. సైనస్ నోడ్ ఇంగ్లండులో, మోల్ అని నేలలో బొరియలు తవ్వుకుని బతికే ఒక చిన్న జంతువు గుండెలో మొదట కనిపించింది. చూసినవాడు మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి.

అంతకు ఇరవయ్యేళ్ళ ముందే మన హైదరాబాదులో దీన్ని గురించి పెద్ద రగడ జరిగిందని ఎంతమందికి తెలుసు? ఆపరేషనుకి క్లోరోఫాం ఇచ్చే రోజులవి. మత్తు ఎక్కుతూండగానే కొందరు హఠాత్తుగా పోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెకాయా? ఊపిరే అన్నారు హైదరాబాదు మెడికల్ స్కూలు ప్రిన్సిపాలు ఎడ్వర్డ్ లారీ. మా ఉస్మానియా మెడికల్ కాలేజీకి ఆ స్కూలే మూలం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా 1888లో ఒక కమిషను, 1889లో ఇంకొకటి కూర్చున్నాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే ఉద్దండుడు ఓడెక్కి వచ్చాడు. వందల కొద్దీ జంతువుల మీద పరీక్షలు చేసి, ఊపిరిని కనిపెట్టి ఉండండి, గుండెని గురించి బెంగ వద్దు అని తీర్పు చెప్పారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు డాక్టరు పిల్లుల మీద వేరే సంగతి రుజువు చేశాడు. మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫాం వల్ల జఠరికలు పిండుకోవడం మానేసి గజగజ వణుకుతాయి. ఫిబ్రిలేషన్ అంటారు దాన్ని. వణికే గుండె రక్తాన్ని తోయలేదు.

లారీగారు తెలివితక్కువవారేం కాదు. ఊపిరిని కనిపెట్టమన్న ఆయన మాట ఎందరినో కాపాడింది. ఆయన చేతిలో లేనిదల్లా ఇ.సి.జి. ఐంథోవెన్ ఆ యంత్రాన్ని లోకానికి చూపించింది 1903 ప్రాంతంలో. లయ తప్పి ఆగిన గుండెని కోసి చూస్తే తప్పిన లయ అందులో కనపడదు. బతికున్న మనిషిలోనూ ఇదే చిక్కు. దడ వచ్చినప్పుడు ఉన్నది, మీరు ఆటో దిగి డాక్టరు గదిలోకి వచ్చేసరికి ఉండదు. ఇ.సి.జి. చక్కగా వస్తుంది. “ఏమీ లేదు, గ్యాసు” అని పంపేస్తారు. అంచేత ఈ వ్యాసంలో మీరొక్క ముక్కే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి: లయ తప్పుతున్న ఆ కాసేపట్లోనే ఇ.సి.జి. తీయించాలి. తగ్గాక తీయించింది తగ్గిన గుండె బొమ్మ.

అందుకు ముందు మీ నాడి మీకు తెలియాలి. బొటనవేలి మొదట్లో, మణికట్టు ఎముక పక్కన మూడు వేళ్ళు ఆనించండి. బొటనవేలితో మాత్రం చూడకండి, దానికే సొంత నాడి ఉంది. అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు చెయ్యండి. లెక్క కంటె తాళం ముఖ్యం. యూనివర్సిటీ ఆవరణలో పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచే మా జట్టులో ఇప్పుడు అందరికీ చేతి గడియారాలే నాడి చెబుతున్నాయి. అవి పనికిరావని అనను. గడియారం ఏదో తేడాగా ఉందంటే మాత్రం మీ వేళ్ళతో మీరు ఒకసారి చూసుకుని, ఆ తరువాత కంగారు పడండి.

చాలామంది చెప్పుకునే బాధ, “గుండె ఒక్కసారి ఆగి, ధన్‌మని మళ్ళీ కొట్టుకుందండీ” అన్నది. గుండె ఆగలేదు. ఒక దెబ్బ ముందుగా పడింది, దాని తరువాత కాస్త ఎడం వచ్చింది, ఆ ఎడంలో రక్తం ఎక్కువ నిండి తరువాతి దెబ్బ గట్టిగా తగిలింది. ఎక్టోపిక్స్ అంటాం. నిద్ర చాలనివాళ్ళలో, సిగరెట్లు తాగేవాళ్ళలో, రక్తం తక్కువైన ఆడవాళ్ళలో, థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళలో చూస్తూనే ఉంటాం. గుండె కండరం బాగుంటే వీటితో ప్రమాదం లేదు. కాఫీ మానెయ్యమని అందరికీ చెప్పే అలవాటు నాకు లేదు. తాగినప్పుడల్లా దడ వస్తుంటే మీరే మానేస్తారు. సారాయి సంగతి వేరు. వారాంతంలో మితిమీరి తాగి సోమవారం లయ తప్పిన గుండెతో వచ్చేవాళ్ళని నేను చాలామందినే చూశాను.

ఇలాంటి చిన్న తడబాటు కాక, మీట నొక్కినట్టు మొదలై మీట నొక్కినట్టే ఆగిపోయే దడ ఇంకొకటి ఉంది. లేడీస్ హాస్టల్లో ఉండి ఎం.ఎస్సీ. చదివే ఒకమ్మాయిని తల్లి నా దగ్గరికి తీసుకొచ్చింది. “పరీక్షలంటే భయపడ్తది సార్. గాలి సోకిందేమోనని తాయెత్తు గూడ కట్టించినం” అంది. మూడుసార్లు తీసిన ఇ.సి.జి.లు చేతిలో ఉన్నాయి, మూడూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ పిల్ల తెలివైంది. దడ వచ్చిన ప్రతిసారీ తారీకు, టైము, ఎంతసేపు అన్నది నోట్‌బుక్కులో రాసుకుంది. అందులో సగం పరీక్షలు లేని రోజులే! ఈసారి వస్తే పడుకోవద్దు, ఫోన్ చెయ్యవద్దు, తోడుగా ఎవర్నయినా తీసుకుని ఎక్కడ దగ్గరైతే అక్కడ ఇ.సి.జి. తీయించుకో అన్నాను. పదకొండు రోజులకి కాగితం దొరికింది. నిమిషానికి 190.

కాలేజీ ప్రహరీగోడకి ఎక్కడో కన్నం ఉంటే పిల్లలు గేటు దాకా నడవరు కదా. కొందరికి పుట్టుకతోనే గుండెలోని గోడకి అలాంటి కన్నం ఉంటుంది. కరెంటు నాకాలోంచి దిగి, కన్నంలోంచి పైకెక్కి, మళ్ళీ నాకాలోకి దిగి గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. కొందరికి నాకా దగ్గరే రెండు దారులుండి ఇదే తిరుగుడు. వెనక్కి ఆనుకుని కూర్చుని ఊపిరి బిగబట్టి పదిహేను సెకన్లు గట్టిగా ముక్కి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తిస్తే కొందరికి ఆగిపోతుంది. (మెడ నరాలు నొక్కే వైద్యం ఇంట్లో చెయ్యకండి, పెద్దవాళ్ళకి అసలే వద్దు.) ఇప్పుడు తొడ రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి ఆ కన్నాన్ని వేడితో పూడ్చేస్తున్నారు. ఎబ్లేషన్ అంటారు. ఆ అమ్మాయికీ అదే చేశారు. తాయెత్తు మాత్రం తల్లి తీయనివ్వలేదు. నేనూ అడ్డం చెప్పలేదు.

ఇక నాకా విలువ తెలిసేది కర్ణికలకి ఫిబ్రిలేషన్ వచ్చినప్పుడు. పై గదుల్లో కరెంటు పిచ్చెక్కినట్టు నిమిషానికి 350 నుంచి 600 సార్లు పుడుతుంది. నాకా వాటన్నిటినీ వదిలితే మనిషి బతకడు. చాలావాటిని ఆపి, ఏ నూరో నూటయాభయ్యో కిందికి వదులుతుంది, అదీ ఒక వరసా వాయీ లేకుండా. అందుకే నాడి చూస్తే తాళమే దొరకదు, రేకు మీద చెదురుమదురుగా చినుకులు పడ్డట్టుంటుంది. ఆయాసం, నీరసం ఉండొచ్చు. కొందరికి ఏమీ ఉండదు. ప్రమాదం ఆ దడలో లేదు. వణికే గదిలో రక్తం నిలవై, గడ్డ కట్టి, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్ళకి పక్షవాతం వచ్చే అవకాశం మామూలువాళ్ళ కంటె దాదాపు అయిదు రెట్లు. కీళ్ళవాతం వల్ల మైట్రల్ కవాటం సన్నబడినవాళ్ళకి ఇంకా ఎక్కువ.

పెద్ద దేశాల్లో ఇది ముసలివాళ్ళ జబ్బు. మన దగ్గర ముప్పయ్, నలభయ్యేళ్ళ ఆడవాళ్ళలోనూ చూస్తాం. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తరువాత కీళ్ళవాపులు వచ్చిపోయి ఉంటాయి. ఎవరూ పట్టించుకుని ఉండరు. ఆవరణలోని క్వార్టర్లలో నాలుగిళ్ళు పనిచేసుకునే ఒకావిడకి ఇదే జబ్బు. రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోం మాత్ర వాడుతుండేది. ఆ మాత్ర మింగేవాళ్ళు ఆకుకూర ముట్టకూడదని ఎవరో చెప్పారట. తోటకూర, గోంగూర లేని కూడు తినలేక మాత్రే మానేసింది. నాలుగు నెలలకి కుడి చెయ్యి పడిపోయింది. మాట ఇప్పటికీ సగమే. ఆకుకూరల్లో విటమిన్ కె ఉన్న మాట నిజమే, అది ఆ మాత్రకి ఎదురు పనిచేసే మాటా నిజమే. దానికి మానెయ్యడం మందు కాదండీ. వారానికి ఎంత తింటారో ఎప్పుడూ అంతే తినండి. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించి, 2కీ 3కీ మధ్య ఉండేటట్టు డాక్టరే మోతాదు సర్దుతాడు. పరీక్ష అక్కర్లేని కొత్త మందులు వచ్చాయి, నిజమే. మామూలు ఫిబ్రిలేషన్‌కి అవి బాగానే పనిచేస్తాయి. కీళ్ళవాతం వల్ల కవాటం సన్నబడినవాళ్ళకి మాత్రం పాత మాత్రే మేలని 2022లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. పక్కింటివాళ్ళ చీటీ చూసి మందు మార్చుకోకండి.

ఇంతవరకూ వేగం సంగతి. నన్ను ఎక్కువ భయపెట్టేది నెమ్మది.

ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి లాలాపేట నుంచి ఒకాయన మా ఇంటికొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఒక బడి బస్సు డ్రైవరు. కూర్చోమంటే కూర్చోడు. “సార్, మా ఇంట్ల గూడ చెప్పలే. మీరు గూడ ఎవ్వరికి చెప్పొద్దు” అన్నాడు. నెలరోజుల్లో రెండుసార్లు కళ్ళు చీకట్లు కమ్మి తెలివి తప్పిందట. మొదటిసారి కుళాయి దగ్గర. రెండోసారి స్టీరింగు ముందు, హబ్సిగూడ సిగ్నలు దగ్గర బస్సు ఆగి ఉండగా. వెనకబండ్ల హారన్లకి మెలకువ వచ్చింది. బస్సులో పిల్లలున్నారు. షుగరు పడిపోతోందేమోనని అప్పట్నించీ జేబులో చాక్లెట్లు పెట్టుకుని బండి నడుపుతున్నాడు.

నాడి పట్టుకున్నాను. 38. నాడిని తగ్గించే బి.పి. మాత్రలు కొన్ని ఉన్నాయి, ఎటెనలాల్ లాంటివి. అవేమైనా వాడుతున్నాడా అని అడిగాను. ఏ మందూ లేదు. ఆ రాత్రే ఇ.సి.జి. తీయిస్తే పై గదులు నిమిషానికి 84 కొట్టుకుంటున్నాయి, కింది గదులు 38. ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు. నాకా పూర్తిగా మూతపడింది. అలాంటప్పుడు జఠరికలు తమ బతుకు తాము బతుకుతూ, నిమిషానికి 20, 40 కొట్టుకుంటూ నెట్టుకొస్తాయి. అవీ నాలుగు క్షణాలు తడబడితే మెదడుకి రక్తం అందక మనిషి కూలిపోతాడు. ముందు హెచ్చరిక ఉండదు. మూర్ఛ అనుకుంటారు, నీరసమనుకుంటారు.

“రేపు బండి ఎక్కడానికి వీల్లేదు” అన్నాను. “నౌకరి పోతది సార్. బిడ్డ లగ్గం పెట్టుకున్న” అన్నాడు. నేను బతిమాలలేదు, వాదించలేదు. ఆ బస్సులో ఎంతమంది పిల్లలెక్కుతారని అడిగాను. ముప్పయ్యిద్దరు అన్నాడు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రాత్రే పెద్దాస్పత్రికి పంపాను. ముందు తాత్కాలికంగా తీగ వేసి, నాలుగో రోజున పేస్‌మేకరు పెట్టారు. ఆరోగ్యశ్రీలో అయింది, చేతి డబ్బు పడలేదు. బడివాళ్ళు గేటు దగ్గర పని ఇచ్చారు. జీతం తగ్గింది, ఆ మాట దాచను. లగ్గం అనుకున్న నెలలోనే అయింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి పడి, నిమిషంలో లేచి “ఏం కాలేదు” అంటే నమ్మకండి. నాడి చూడండి. అది 50 కంటె తక్కువుంటే, నిలబడి నడుస్తూ ఉండగా పడిపోతే, ఆయాసంగానీ ఛాతీనొప్పిగానీ ఉంటే, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. అన్నట్టు, మా తార్నాక పక్కనే ఉన్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులూ, వారితో కలిసి పనిచేసినవారూ మన దేశంలో నూటికి నలుగురిలో ఒక జన్యువు లోపం ఉందనీ, అది వయసు మీద పడ్డాక గుండె కండరాన్ని బలహీనపరచవచ్చుననీ 2009లో ప్రకటించారు. కండరం దెబ్బతింటే తీగలూ దెబ్బతింటాయి. కుటుంబ చరిత్ర అడిగితే విసుక్కోకుండా చెప్పండి.

లారీగారి కాలంలో ఎవరికీ కనిపించని ఆ జఠరికల వణుకే ఈనాటికీ నడిబజార్లో మనుషుల్ని పడేస్తోంది. పడిన మనిషి పలకడు, ఊపిరి సరిగా ఆడదు. నీళ్ళు చల్లడం, చేతిలో తాళాలు పెట్టడం మానండి. 108కి ఒకరు ఫోన్ చెయ్యండి, ఇంకొకరు ఛాతీ నడుమ రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, అయిదు సెంటీమీటర్ల లోతు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండండి. 2023 ఫిబ్రవరిలో మన ఆరాంఘర్ చౌరస్తాలో ఒక మనిషి కూలిపోతే ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ చేసింది సరిగ్గా ఇదే. ఆయన డాక్టరు కాదు.

పేస్‌మేకరంటే జనానికి ఉన్న అనుమానాలు ఇన్నీ అన్నీ కావు. కాలరెముక కింద చర్మంలో దూర్చే చిన్న డబ్బీ అది. లోకంలో మొదటిది 1958లో స్వీడను దేశంలో ఆర్నె లార్సన్ అనే ఆయనకి పెట్టారు. అది కొద్ది గంటలే పనిచేసింది. ఆయన మాత్రం ఇరవైకి పైగా డబ్బీలు మార్చుకుంటూ 86 ఏళ్ళు బతికి, 2001లో వేరే జబ్బుతో పోయాడు. ఇప్పటి బ్యాటరీలు ఎనిమిది, పదేళ్ళు వస్తాయి. మిక్సీ, గ్రైండరు వాడుకోవచ్చు. సెల్‌ఫోను డబ్బీ ఉన్న వైపు చొక్కా జేబులో పెట్టకండి, రెండో చెవికి ఆనించి మాట్లాడండి. ఎం.ఆర్.ఐ. అంటే ముందు చెప్పండి. కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకోండి.

ఒక పెద్దావిడ అందరూ బయటికి వెళ్ళేదాకా ఆగి నన్నొక మాట అడిగింది. “ఇది లోపల కొట్టుకుంటూనే ఉంటే నా ప్రాణం సుఖంగా పోతుందా నాయనా?” పోతుందమ్మా, అది కబురు మాత్రమే పంపుతుంది, కండరం అలిసిపోయాక ఆ కబురు వినేవాళ్ళుండరు అన్నాను. దహనానికి ముందు మాత్రం డాక్టరుని పిలిచి ఆ డబ్బీ తీయించాలి, మంటల్లో బ్యాటరీ పేలుతుంది, ఇంట్లోవాళ్ళు సొంతంగా కొయ్యకూడదు అని కూడా చెప్పాను. ఆవిడ ఏమాత్రం తొణకలేదు. “ఆ ముక్క కార్డు వెనక తెలుగులో రాసి పెట్టు, మా వాడు మరుస్తాడు” అంది. రాసిచ్చాను.